పెరటి కోళ్లు, వేసవి ప్రశ్నలు: మధ్యాహ్నం రెండు గంటలకు తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి

కృత్తిక కార్తె మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో కోళ్లను గురించినవే ఎక్కువగా ఉంటున్నాయి. విజయవాడ, గుంటూరు నగరాల్లో పెరట్లోనో, డాబా మీదనో పదిలోపు కోళ్లను పెంచుకొనేవారు రాసినవే వీటిలో చాలా వరకు. రోళ్లు పగిలే రోహిణి ఇంకా ముందుంది కనుక ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను. మొదటి ఉత్తరానికి సమాధానం కాస్త పెద్దదైంది. తరువాతి ప్రశ్నల్లో కొన్నింటికి కావలసిన సంగతులు దానిలోనే ఉన్నాయి కాబట్టి అందరూ దానిని ముందుగా చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: రెండంతస్తుల మా ఇంటి డాబా మీద సిమెంటు రేకుల షెడ్డు వేసి ఎనిమిది పెట్టలను, ఒక పుంజును పెంచుతున్నాము. షెడ్డులో రెండు ప్లాస్టిక్ డబ్బాల నిండా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. అయినా పోయిన వారం ఒకే మధ్యాహ్నం రెండు పెట్టలు చనిపోయాయి. అవి ముందు రోజు వరకూ గుడ్లు పెట్టినవే, పైగా మందలో బాగా ఒళ్లు చేసినవి. ఉదయం పోసిన నీళ్లు డబ్బాల్లో పోసినట్టే ఉన్నాయి. దాహం వేస్తే కోడి నీళ్లు తాగదా?
– ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, దాహం వేస్తే కోడి తప్పక తాగుతుంది, కానీ వేడెక్కిన నీళ్లను తాగదు. మీ డబ్బాలు నిండుగా ఉండిపోవడమే జరిగినదేమిటో చెబుతోంది. డాబా మీద, రేకుల కింద, పలుచని ప్లాస్టిక్ డబ్బాలో ఉదయం పోసిన నీళ్లు మధ్యాహ్నానికి మనం స్నానానికి కాచుకొనే నీళ్లంత వేడెక్కుతాయి. కోడి ఒకసారి ముక్కు ముంచి, తల విదిలించి, పక్కకు వెళ్లిపోతుంది. ఆ తరువాత డబ్బా నిండుగా కనబడుతున్నా ఆ కోడికి నీళ్లు లేనట్టే లెక్క.

కోడికి నీళ్లు ఇంత అవసరం ఎందుకో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కోడి ఒంటి ఉష్ణోగ్రత మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు, ఒంటి నిండా ఈకలున్నాయి. చల్లని వేళల్లో తురాయి నుంచి, దవడల కింద వేలాడే ఎర్రని తమ్మెల నుంచి, కాళ్ల నుంచి, రెక్కల కింద ఈకలు పలుచగా ఉండే చోటి నుంచి వేడి బయటికి పోతుంది. చుట్టూ ఉన్న గాలి ఒంటి వేడిమికి దగ్గరగా వచ్చేసరికి ఈ దారులన్నీ మూసుకుపోయి, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే మిగులుతుంది. రొప్పినప్పుడు గొంతులోని, ఊపిరి దారిలోని తడి ఆవిరై ఒంటి వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ తడి రావలసింది తాగిన నీళ్ల నుంచే. మామూలు రోజుల్లో ఒక పెట్ట పావు లీటరుకు అటూ ఇటూగా తాగితే, మే నెల ఎండల్లో అర లీటరు దాకా, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా తాగుతుంది. మీ తొమ్మిది కోళ్లకు రోజుకు నాలుగున్నర లీటర్లు కావాలి. ఒలికిపోయేవి, పారబోసేవి కలుపుకొని ఆరేడు లీటర్లు సిద్ధంగా ఉంచుకోవలసిందే. విజయవాడలో ఎండ 45 డిగ్రీలు తాకిన రోజున గాలి కోడి ఒంటి కంటే వేడిగా ఉంటుంది. ఆ పూట రెండు మూడు గంటల పాటు తాగే నీళ్లు దొరకకపోతే ఒళ్లు చేసిన పెట్టలే ముందుగా పోతాయి, ఎందుకంటే కొవ్వు పట్టిన ఒళ్లు వేడిని త్వరగా వదలలేదు. పెరట్లో పెంచడానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా రకం కోళ్లు నాటుకోళ్ల కంటే బరువుగా పెరుగుతాయి. మీ మందలో అవి కూడా ఉంటే వాటి మీద ఒక కన్ను ఎక్కువగా వేసి ఉంచండి.

ఇక చేయవలసినవి. ప్లాస్టిక్ డబ్బాలను పక్కన పెట్టి వెడల్పాటి మట్టి మూకుళ్లు గాని, మట్టి తొట్లు గాని మూడింటిని తెచ్చుకోండి. మట్టిలోంచి నీళ్లు ఊరి ఆవిరవుతుంటాయి కనుక లోపలి నీళ్లు చల్లబడతాయి. మనం కుండ నీళ్లు తాగేది కూడా ఇందుకే. మూడు తొట్లనూ ఒకే చోట పెట్టవద్దు, ఎందుకంటే బలమైన పెట్టలు తొట్టి దగ్గరే కూర్చుండిపోయి బలహీనమైన వాటిని దగ్గరకు రానివ్వవు. ఉదయం ఆరింటికి ఒకసారి, పదకొండు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి మరొకసారి పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోయండి. రెండు గంటలప్పుడు పారబోసే ముందు తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి. మీ చేతికి గోరువెచ్చగా తగిలితే ఆ నీళ్లు కోడికి పనికిరావు. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. నల్లని ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లను నేరుగా తొట్టిలో పోస్తారు. మధ్యాహ్నం వేళ ఆ నీళ్లు పాత నీళ్ల కంటే వేడిగా ఉంటాయి. ముందు రోజు రాత్రే రెండు పెద్ద కుండల్లో నీళ్లు నింపి ఇంట్లో నీడపట్టున ఉంచుకొని, పగలంతా వాటినే వాడండి. ఉద్యోగానికి వెళ్లి పగలు ఇంట్లో ఎవరూ ఉండని వారైతే, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉదయం వెళ్లేటప్పుడు తొట్టిలో ఆ సీసాను నిలబెట్టి వెళ్లవచ్చు. అది కరిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. తొట్టిని మాత్రం రోజూ పీచుతో తోమాలి, లేకపోతే వేసవిలో రెండు రోజులకే పాచి పడుతుంది.

నీళ్ల తరువాత దాణా. తిన్నది అరిగేటప్పుడు కోడి ఒంట్లో వేడి పుడుతుంది, ఆ వేడి తిన్న నాలుగు నుంచి ఆరు గంటల తరువాత ఎక్కువవుతుంది. పది గంటలకు గుప్పెడు జొన్నలో, నూకలో చల్లితే అవి అరిగే వేడి సరిగ్గా రెండు, మూడు గంటల ఎండతో కలుస్తుంది. అందువల్ల తెల్లవారుజామున ఐదింటికే మేత పెట్టి, తొమ్మిది గంటలు దాటాక తీసివేసి, మళ్లీ సాయంత్రం ఐదున్నర తరువాత పెట్టండి. పగలు ఆకలితో అలమటిస్తాయేమోనన్న బెంగ అక్కరలేదు, ఆ వేళలో వాటికి తినబుద్ధి కాదు. పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు, తోటకూర కాడలు వేస్తే మాత్రం ఇష్టంగా పొడుచుకు తింటాయి. వాటిలో ఉన్నది దాదాపు నీరే కనుక అవి మేత కిందా, నీళ్ల కిందా కూడా పనికివస్తాయి.

చివరగా మీ షెడ్డు. అసలు ఈ రెండు నెలలు కోళ్లను డాబా మీద ఉంచవద్దనే నా సలహా. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదకొండు దాకా వేడిని వదులుతూనే ఉంటుంది, పిట్టగోడ గాలిని అడ్డుకుంటుంది. పగటి వేడిని కోడి రాత్రి చల్లదనంలో వదిలించుకోవాలి, ఆ రాత్రి కూడా చల్లగా లేకపోతే మరునాటి ఎండను అది సగం అలసిపోయిన ఒంటితో మొదలుపెడుతుంది. కింద, ఇంటికి తూర్పు వైపునో, ఉత్తరం వైపునో నాలుగు అడుగుల చోటున్నా అక్కడికి దించండి. అది కుదరనివారు రేకుల మీద తాటాకులో, కొబ్బరి మట్టలో దట్టంగా కప్పి, గాలికి ఎగిరిపోకుండా తాళ్లతో కట్టి, ఉదయమూ మధ్యాహ్నమూ వాటిని తడపాలి. రేకులకు పైవైపున తెల్లసున్నం పూయడం ఖర్చు తక్కువ పని, దానివల్ల మేలు కూడా కనబడుతుంది. పడమటి వైపు ఎండ పడకుండా గ్రీన్ నెట్ కట్టండి, కాని మిగిలిన మూడు వైపులా గాలి ఆడనివ్వండి. రాత్రిపూట పిల్లులకూ పందికొక్కులకూ భయపడి గూటి తలుపును పలకతో బిగించి, పైన గోనె కప్పేవారున్నారు. పలక బదులు ఇనుప జాలీ బిగిస్తే పిల్లి రాదు, గాలి వస్తుంది.

ప్రశ్న: మా కోళ్లు మధ్యాహ్నం పూట నోళ్లు తెరిచి, రెక్కలు వేలాడేసి రొప్పుతున్నాయి. పక్కింటివారు అది కొక్కెర తెగులు అంటున్నారు, మా నాన్నగారు వడదెబ్బ అంటున్నారు. తేడా ఎలా తెలుస్తుంది? వడదెబ్బే అయితే వెంటనే ఏమి చేయాలి?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: సూర్యోదయానికి ముందు గూటి దగ్గరకు వెళ్లి చూడండి. ఎండ వల్ల వచ్చిన రొప్పు అయితే ఆ చల్లని వేళకు కోళ్లు నోళ్లు మూసుకొని మామూలుగా తిరుగుతుంటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి మందలోని కోళ్లన్నీ దాదాపు ఒకేసారి రొప్పడం మొదలుపెట్టి, పొద్దు వాలాక ఒకేసారి తేరుకుంటాయి. కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్ వ్యాధి అయితే తెల్లవారుజామున కూడా ఆయాసం తగ్గదు, గురక వినబడుతుంది, నోటి నుంచి చొంగ కారుతుంది, రెట్ట ఆకుపచ్చ కలిసిన తెలుపు రంగులో పలుచగా ఉంటుంది. కొన్ని కోళ్లు మెడ మెలితిప్పుతాయి, కొన్నింటికి కాలో రెక్కో పడిపోతుంది, రోజుకు కొన్ని చొప్పున ఒకదాని తరువాత ఒకటి జబ్బు పడతాయి. ఎండలో నీళ్లు ఎక్కువగా తాగిన కోడి కూడా పలుచగా రెట్ట వేస్తుంది కనుక రెట్ట పలుచబడిందని ఒక్కదానితో తీర్పు చెప్పవద్దు. తెగులు అనుమానం గట్టిగా ఉంటే ఆ కోడిని వేరు చేసి, పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. చనిపోయిన దానిని కాలువలో పారేయకుండా లోతుగా గోయి తీసి సున్నం చల్లి పూడ్చండి.

ఇక వడదెబ్బ సంగతి. నోరు తెరిచి రొప్పుతూనే నడుస్తూ, నీళ్లు తాగుతూ ఉన్న కోడికి నీడ, చల్లని నీళ్లు, కాస్త గాలి చాలు, దానిని పట్టుకొని కంగారు పెట్టవద్దు. వెంటపడి తరిమితే పుట్టే వేడి దాని ప్రాణం మీదకు రావచ్చు. కాళ్లు చాచి, మెడ నేల మీద వాల్చి, పిలిచినా కళ్లు తెరవని కోడి విషయం వేరు. దానిని వెంటనే నీడలోకి తెచ్చి, బకెట్టులో మామూలు చల్లదనం ఉన్న కుండ నీళ్లు పోసి, కాళ్లూ పొట్టా మునిగేటట్టు, తలా రొమ్మూ పైకి ఉండేటట్టు రెండు చేతులతో పట్టుకోండి. ఒక వైపు నుంచి ఫ్యాను గాలి తగలనివ్వండి. ఈకల పైన నీళ్లు చిలకరించినంత మాత్రాన లోపలి చర్మానికి తడి చేరదు, పొట్ట కిందా రెక్కల కిందా తడపడం అందుకే ముఖ్యం. ఐసు నీళ్లలో మాత్రం ముంచకండి. ఒక్కసారిగా అంత చల్లదనం తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. కంగారులో చాలామంది చేసే మరొక పని, ముక్కు విప్పి చెంచాతో నీళ్లు పోయడం. స్పృహ సరిగా లేని కోడికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల నిలబెట్టగలిగాక ముక్కు అంచున చుక్క చుక్కగా తడపండి, అది నాలుక ఆడిస్తే ఇంకొంచెం ఇవ్వండి. తేరుకున్న కోడిని ఆ రోజుకు మందలో కలపకుండా విడిగా ఉంచడం మంచిది, నీరసంగా ఉన్నదానిని మిగిలినవి పొడుస్తాయి.

అన్నట్టు, కొక్కెర తెగులు టీకా ఇంకా వేయించని వారు నీళ్లలో కలిపి ఇచ్చే లసోటా టీకాను ఈ ఎండల్లో ఇవ్వదలిస్తే తెల్లవారుజామునే ఇవ్వండి. టీకా నీళ్లు ఆత్రంగా తాగడానికి ముందు గంటా రెండు గంటల పాటు నీళ్లు ఆపే పద్ధతి ఉంది, ఆ పని పది గంటల ఎండలో చేస్తే టీకా కంటే ముందు వడదెబ్బ తగులుతుంది. క్లోరిన్ కలిసిన మున్సిపల్ నీళ్లలో ఆ టీకా పనిచేయదు, బావి నీళ్లో, బోరు నీళ్లో వాడి, లీటరుకు 5 గ్రాముల చొప్పున వెన్న తీసిన పాలపొడి కలపండి.

ప్రశ్న: వేసవిలో కోళ్లకు బెల్లం నీళ్లు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు పెట్టాలని మా అత్తగారు చెబుతారు. మందుల దుకాణంలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఇమ్మన్నారు. ఏది మంచిది? రోజూ ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

సమాధానం: మీ అత్తగారి మాటలో తప్పు లేదు, కొలతే ముఖ్యం. అదేపనిగా రొప్పే కోడి రక్తంలో లవణాల పొందిక మారుతుంది, మూత్రంతో పాటు పొటాషియం బయటికి పోతుంది. వాటిని కాస్త భర్తీ చేయడానికి ఓఆర్ఎస్ పనికివస్తుంది. మనుషుల కోసం ఒక లీటరుకు కలుపుకొనే ప్యాకెట్టును కోళ్లకు రెండు లీటర్లలో కలిపితే సరిపోతుందని నా అభిప్రాయం. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజున పదకొండు నుంచి నాలుగు గంటల వరకు ఒక తొట్టిలో ఈ నీళ్లు, పక్కనే మరొక తొట్టిలో మంచినీళ్లు పెట్టండి. రుచి నచ్చని కోడి తాగడమే మానేస్తే ఇచ్చిన ఫలితం లేకపోగా నష్టం జరుగుతుంది. అందుకే ఉప్పో మందో కలిపిన నీళ్లను ఒక్కటే గత్యంతరంగా ఎప్పుడూ పెట్టకూడదు. సాయంత్రానికి మిగిలినవి పారబోయాలి. ప్రతి రోజూ, నెలల తరబడి ఇవ్వనవసరం లేదు. ఇంట్లో ఉప్పు చేతికి వచ్చినంత వేసి కలిపే అలవాటు ఉంటే మానుకోండి, కోడి ఒంటికి ఉప్పు ఎక్కువైతే విషంతో సమానం, పిల్లలకైతే మరీను.

బెల్లం నీళ్లు నీరసపడిన కోడికి ఒక పూట బలమిస్తాయి. అయితే ఎండకు గంటల్లోనే పులుస్తాయి, ఈగలను పిలుస్తాయి. మజ్జిగ పలుచగా, పుల్లబడకముందే, మట్టి పాత్రలోనే పోసి గంటలో తీసివేయండి. ఉల్లిపాయ తురుము చిటికెడు మేతలో కలిపితే ముప్పు లేదు, కానీ వడదెబ్బ తగలదన్న నమ్మకంతో రోజూ గుప్పెళ్లకు గుప్పెళ్లు వేయకండి. ఉల్లి మోతాదు మించితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. వీటన్నింటికంటే మునగాకు, గంగవాయిలి కూర నాకు ఎక్కువ ఇష్టం. గుంటూరు పెరళ్లలో రెండూ అడగకుండానే మొలుస్తాయి. విటమిన్ సి విషయం కూడా ఇక్కడే చెబుతాను. కోడి తన ఒంట్లో దానిని తానే తయారు చేసుకోగలదు, ఎండ తీవ్రతలో మాత్రం ఆ తయారీ అవసరానికి చాలదు. అందువల్ల కోళ్ల మందులమ్మే చోట దొరికే విటమిన్ సి పొడిని ప్యాకెట్టు మీది కొలత ప్రకారం వడగాలులు వీచే నాలుగైదు రోజులు ఇవ్వవచ్చు.

ప్రశ్న: గూటికి చుట్టూ గోనె పట్టాలు కట్టి తడుపుతున్నాను. కొన్ని రోజులు హాయిగా ఉంటున్నాయి. మరి కొన్ని రోజులు తడిపిన కొద్దీ ఎక్కువగా రొప్పుతున్నాయి. కారణం అంతుబట్టడం లేదు. కూలర్ పెట్టమంటారా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మొగల్రాజపురం, విజయవాడ

సమాధానం: మీ పరిశీలన చాలా చక్కనిది, కారణం గాలిలోనే ఉంది. మన ప్రాంతంలో వేసవి ఎండలు రెండు రకాలు. పడమటి నుంచి పొడి వడగాలి వీచే రోజున తడి గోనెలోని నీళ్లు త్వరగా ఆవిరై గూటిలోకి వచ్చే గాలి చల్లబడుతుంది. సముద్రం వైపు నుంచి తేమ గాలి తిరిగి ఉక్కపోత పోసే రోజున గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, గోనెలోని నీళ్లు ఆవిరి కావు సరికదా, తడిసి బరువెక్కిన గోనె వచ్చే కాస్త గాలిని కూడా అడ్డుకుంటుంది. కోడి గొంతులోని తడి కూడా ఇదే కారణం చేత ఆవిరి కాదు, కనుక అది ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఉష్ణోగ్రత 45 ఉన్న పొడి రోజు కంటే 39 ఉన్న ఉక్కపోత రోజున కోళ్లు ఎక్కువ ఇబ్బంది పడటం నేను చూశాను.

తడి గుడ్డ ఒకటి ఇంటి తీగ మీద ఆరేసి చూడండి. అరగంటలో ఆరితే గోనె పట్టాలు తడపండి, ఆరకపోతే వాటిని పూర్తిగా పైకి ఎత్తి కట్టి ఫ్యాను పెట్టండి. గాలి నేరుగా కోళ్ల ఎత్తున తగిలేటట్టు ఫ్యానును కింద ఉంచాలి, పైకప్పుకు బిగించిన ఫ్యాను రేకుల కింది వేడిగాలిని వాటి మీదకు దించుతుంది. వైర్లు పొడవకుండా, నీళ్లు తగలకుండా చూడండి. కూలర్ పొడి రోజుల్లో అన్ని వైపులా తెరిచి ఉన్న గూటికి పనికివస్తుంది, మూసిన గదిలో పెడితే గంటకే ఆవిరి గది తయారవుతుంది.

గోనె పట్టాల నీళ్లు కింద ఊకలోకి కారనివ్వకండి. వేసవిలో ఊక రెండు అంగుళాలకు మించి పరచవద్దు. తడిసిన ఊక ఉడికి తానే వేడి పుట్టిస్తుంది, కంపు కొడుతుంది, పిల్లలకు నెత్తురు పారుడు తెస్తుంది. మీకు కాస్త నేల ఉంటే వీటన్నింటికంటే సులువైన మార్గం ఇంకొకటుంది. కానుగ చెట్టు కిందనో, అరటి పిలకల మధ్యనో పదకొండు గంటలకు రెండు చెంబుల నీళ్లు పోసి వదిలేయండి. కోళ్లు తామే వచ్చి, తడి మట్టిని గీరి, గుంట చేసుకొని పొట్ట ఆనించి పడుకుంటాయి. పొట్ట నుంచి నేలకు వేడి పోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

ప్రశ్న: పొదుగు పట్టిన పెట్ట కింద పదమూడు గుడ్లు పెడితే రెండే పిల్లలయ్యాయి, మిగిలినవి మురిగిపోయాయి. సంక్రాంతి తరువాత ఇదే పెట్ట పదకొండు పిల్లలను లేపింది. ఈసారి ఎందుకిలా అయింది, పెట్టలోనే ఏదైనా లోపం ఉందా?
– ఒక రైతు మహిళ, నల్లపాడు, గుంటూరు

సమాధానం: అమ్మా, పెట్ట తప్పేమీ లేదు. గుడ్డు పొదగడానికి కావలసిన వేడి 37.5 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. రోహిణిలో మన వసారా నీడలోనే 41, 42 ఉంటుంది. ఆ రోజుల్లో పెట్ట చేయవలసింది గుడ్లకు వేడి ఇవ్వడం పోయి, ఉన్న వేడి నుంచి వాటిని కాపాడటం అవుతుంది. అది దానికి చేతకాదు. పొదగేయడానికి ముందే ఇంకొక నష్టం జరిగి ఉంటుంది. గుడ్డులోని పిండం ఎదగడానికి పెట్ట ఒళ్లే అక్కరలేదు, 27 డిగ్రీలు దాటితే నెమ్మదిగా మొదలవుతుంది. మీరు వారం పదిరోజులు గూట్లోనో అలమారాలోనో దాచిన గుడ్లలో ఆ ఎదుగుదల సగం సగంగా మొదలై ఆగిపోయి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినవి కూడా పొదగడానికి పనికిరావు, ఆ చలి మరీ ఎక్కువ.

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడేదాకా ఆగడమే మంచిది. ఆగలేనివారు మూడు నాలుగు రోజులకు మించి నిలవ లేని గుడ్లను, అవీ ఏడెనిమిదికి మించకుండా పెట్టండి. ఇంట్లో చల్లనైన మూల గంపను ఉంచి, అడుగున వేలెడు మందాన తడి ఇసుక పోసి, పైన ఎండుగడ్డి పరిచి గుడ్లు పేర్చండి. ఇసుక ఆరినప్పుడల్లా అంచు నుంచి కొద్దిగా నీళ్లు పోయండి. పొదిగే పెట్ట రోజుకు ఒకసారి, పావుగంటో ఇరవై నిమిషాలో తప్ప లేవదు. నీళ్లకని దూరం పోదు, అలా గంపలోనే వడదెబ్బతో చనిపోయిన పెట్టలు ఉన్నాయి. అది మెడ చాస్తే అందేంత దగ్గరలో చల్లని నీళ్ల మూకుడు పెట్టి, పగలు మూడుసార్లు మార్చండి. పిల్లలు లేచాక అదే మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోయాలి, లేకపోతే రోజు పిల్లలు అందులో పడి మునిగిపోతాయి.

ప్రశ్న: ఎండలు ముదిరినప్పటి నుంచి గుడ్డు పెంకు కాగితంలా పలుచబడింది. పట్టుకుంటేనే చితికిపోతోంది. సున్నం తక్కువైందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: రొప్పే కోడి ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువును కూడా ఎక్కువగా వదిలేస్తుంది. పెంకు తయారయ్యేది కాల్షియం కార్బొనేటుతో, ఆ కార్బొనేటుకు రక్తంలో ఉండవలసిన ముడిసరుకు ఇలా ఊపిరితోనే పోతుంది. దానికి తోడు కోడి మేత తగ్గించి తింటుంది కనుక కాల్షియం కూడా తగ్గుతుంది. అందుచేత ముందు చూసుకోవలసింది నీడ, చల్లని నీళ్లు. రొప్పు తగ్గిన నాలుగైదు రోజులకు పెంకు చాలా వరకు బాగుపడుతుంది. ఆల్చిప్పల గుల్లను మరీ పొడిగా కాక బియ్యపు గింజంత ముక్కలుగా దంచి, సాయంత్రం ఆరు తరువాత విడిగా ఒక మూకుడులో పెట్టండి. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రి వేళ, అప్పటికి ఆ ముక్కలు పొట్టలో నిలిచి కొద్దికొద్దిగా కరుగుతుంటాయి. గుడ్లు గూటిలో వదిలేయకుండా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీసి నీడలో పెట్టండి, పలుచని పెంకుల్లోంచి నీరు త్వరగా ఆవిరైపోతుంది. చితికిన వాటిని గూటిలో ఒక్క పూట కూడా ఉంచకండి, ఒకసారి గుడ్డు రుచి మరిగిన పెట్టకు ఆ అలవాటు మాన్పించడం కష్టం.